అట్ట మీది ఊరు

నాజ్ అనే న్యూయార్క్ ర్యాపర్ తొలి ఆల్బమ్ ‘ఇల్‌మాటిక్’ 1994 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ రికార్డును అటూ ఇటూ తిప్పి చూస్తే ‘సైడ్ ఏ’, ‘సైడ్ బి’ అని ఉండదు. ఒకవైపు ‘ఫార్టియత్ సైడ్ నార్త్’, రెండోవైపు ‘ఫార్టీఫస్ట్ సైడ్ సౌత్’ అని ఉంటుంది. అతను పెరిగిన క్వీన్స్‌బ్రిడ్జ్ క్వార్టర్స్ దగ్గరి వీధుల నంబర్లవి. మన వరంగల్ పోరడెవడో స్టేషన్‌కు ఇటువైపున్న గిర్మాజీపేటను ఒక ముఖానికి, అండర్ రైల్వే గేటు దాటాక వచ్చే శివనగర్‌ను ఇంకో ముఖానికి రాసిచ్చినట్టన్నమాట.

పాట మొదలుకాకముందే వినేవాడి చేతిలో చిరునామా పెట్టడం. ర్యాప్ ఆల్బమ్ అట్టకు అసలు పని అదేనని నా అభిప్రాయం. మిగతావన్నీ, అంటే రంగు, అక్షరం, ఫొటో, కాగితం, మడత, ఈ పని ఎంత బాగా చేశాయన్న దాన్నిబట్టే తేలతాయి.

సినిమా పాటకు ఈ బరువు లేదు. రాసేది ఒకరు, పాడేది ఒకరు, తెర మీద పెదవులు కదిపేది ఇంకొకరు. క్యాసెట్ మీద హీరో బొమ్మ ఉంటే చాలు, జనం కొనేశారు. ర్యాప్‌లో రాసిందీ తానే, చెప్పేదీ తానే, ఆ కష్టాలు పడ్డదీ తానేనని చెప్పుకునేదీ తానే. అందుకే వినేవాడికి ముందుగా వచ్చే ప్రశ్న రాగం గురించి కాదు: ‘నువ్వెవరివి, ఏ వాడోనివి, ఈ మాట అనడానికి నీకేం హక్కు?’ అట్ట ఆ మూడింటికీ నోరు తెరవకుండా జవాబు చెప్పాలి.

‘ఇల్‌మాటిక్’ అట్టనే కాస్త దగ్గరగా చూద్దాం. ఏడేళ్ల నాజ్ ముఖం. తీసింది తండ్రి, సంగీతకారుడు ఓలు దారా. ఆ ముఖం మీద అతని పేటలోని వీధి ఫొటోను కలిపారు. పిల్లవాడి చర్మంలోంచే ఇటుక భవనాలు, రోడ్డు కనిపిస్తాయి. రెండు బొమ్మల మధ్య గీత లేదు, ముఖం ఎక్కడ ఆగి వీధి ఎక్కడ మొదలైందో చెప్పలేం. పిల్లవాడు నవ్వడు, కెమెరా వైపు నేరుగా చూస్తాడు. గొలుసు లేదు, కారు లేదు, తుపాకీ లేదు. లోపలి గొంతు ఇరవై ఏళ్లవాడిది, ముఖం ఏడేళ్లవాడిది. ‘నేను చూసినవి అప్పటినుంచే చూస్తున్నాను’ అన్న వాదన మొత్తం ఆ తేడాలో ఉంది. అట్ట మీద పసిపిల్లల ఫొటో పెట్టడం ఆ తర్వాత ర్యాప్‌లో ఫ్యాషనైపోయింది కానీ, వీధిని ముఖంలోకి దించడం అందరికీ చేతకాలేదు.

అట్ట చరిత్ర పెద్దదే, ఇక్కడ అంత అక్కర్లేదు. 1940 ప్రాంతంలో కొలంబియా రికార్డుల కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్ర డిజైనర్ మొదలుపెట్టేదాకా రికార్డులు చాలావరకు పేరు అచ్చేసిన మామూలు అట్టల్లోనే వచ్చేవి. నాజ్ ఆల్బమ్ తెచ్చిందీ అదే కొలంబియా. ఎల్పీ రికార్డు అట్ట అడుగు చదరం. క్యాసెట్ వచ్చేసరికి ముందు వైపు దక్కింది సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తు, ఆరున్నర వెడల్పు. సీడీకి 12 సెంటీమీటర్ల చదరం. ఇప్పుడు ఫోన్‌లో బొటనవేలి గోరంత. కళాకారుడి గురించి చెప్పాల్సింది మాత్రం తగ్గలేదు.

చోటు తగ్గేకొద్దీ పేరే బొమ్మ కావాలి. రన్-డీఎంసీ బృందం గుర్తును 1986లో స్టెఫనీ నాష్ అనే డిజైనర్ చేసింది: పైన ఒక ఎర్ర గీత, కింద ఒక ఎర్ర గీత, మధ్యలో రెండు వరుసల్లో బండ అక్షరాలు. అంతే. కాలేజీ ఫెస్ట్ టీషర్టుల మీద, వినాయక మండపం యూత్ టీషర్టుల మీద మీరు చూసే ఉంటారు. అసలు బృందం పేరు వేసుకున్నవాడికి తెలియకపోవచ్చు. పబ్లిక్ ఎనిమీ బృందం గుర్తు ఇంకా ముదురు: తుపాకీ గురి వలయంలో నిలబడ్డ మనిషి నీడ. దాన్ని గీసింది ఆ బృందం గొంతు చక్ డీయే. అతను ఆడెల్ఫీ యూనివర్సిటీలో గ్రాఫిక్ డిజైన్ చదివినవాడు.

ఇలాంటి గుర్తులకు మన దగ్గర ఒక పరీక్ష ఉంది, రేడియం కటింగ్ షాపు. ఆటో వెనక అద్దానికి, బుల్లెట్ ట్యాంకుకు అంటించే స్టిక్కర్ ఒకే రంగు షీటు. మిషను కత్తి అంచులు కోస్తుంది, మిగతాది పీకి పారేస్తారు. అక్కడ నీడలుండవు, షేడ్లుండవు. పబ్లిక్ ఎనిమీ గుర్తు ఆ కత్తి కింద పెడితే చెక్కుచెదరదు. ‘ఇల్‌మాటిక్’ ముఖం పెడితే ఏమీ మిగలదు. రెండూ గొప్పవే కానీ పనులు వేరు: ఒకటి ఆటో ఎక్కి ఊరంతా తిరుగుతుంది, రెండోది చేతిలో పట్టుకుని చూడమంటుంది. మొదటి ఆల్బమ్ తెచ్చేవాడికి రెండూ కావాలి. మనవాళ్లు చాలామంది రెండోదాన్ని మాత్రమే, అదీ జిమ్ములో తీసిన ఫొటోతో, చేసుకుని తృప్తిపడుతున్నారు.

అసలు చిక్కు తెలుగు అక్షరం దగ్గర వస్తుంది. రన్-డీఎంసీ గీతల మధ్య ఇంగ్లిషు పెద్ద అక్షరాలు ఇరుకు లేకుండా కూర్చుంటాయి, ఎందుకంటే అన్నీ ఒకే ఎత్తు. మన లిపికి పెద్ద బడి, చిన్న బడి లేవు. ‘హన్మకొండ’ అని రాయండి: పైన తలకట్లు, ‘కొ’ మీద ఒత్వం, కింద ‘న్మ’ వత్తు. పై గీత ఒత్వాన్ని కొడుతుంది, కింది గీత వత్తును నరుకుతుంది. ఫ్లెక్స్ షాపు ఆపరేటర్ చేసే మొదటి పని అక్షరాలను పైనుంచి కిందికి నొక్కేయడం. అప్పుడు నిలువు గీతలు లావుగానే ఉండి అడ్డ గీతలు పీలగా అయిపోయి, దూరం నుంచి చూస్తే అక్షరం పళ్లూడినట్టు కనిపిస్తుంది. ఇంకో తంటా: పాత ఫొటోషాప్‌లో దక్షిణాసియా భాషల సెట్టింగు పెట్టుకోకుండా యూనికోడ్ తెలుగు వేస్తే వత్తులు విడిపోయి పొల్లులు బయటపడతాయి. అందుకే షాపుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే రాజ్యం చేస్తున్నాయి.

దారి ఏమిటంటే గీతలను వదిలేసి వత్తునే వాడుకోవడం. ‘ఓరుగల్లు’లో కిందికి దిగేది ఒక్క ‘ల్ల’ వత్తు మాత్రమే. దాన్ని లాగి, సాగదీసి, మొత్తం పేరు దాని మీద నిలబడేలా గీయిస్తే అది ఇంకే ఊరి పేరులానూ ఉండదు. ఫాంటు కొనక్కర్లేదు, చేత్తో రాసేవాడు కావాలి.

చేత్తో రాసేవాళ్ల కరువు ఈ జిల్లాకు ఎన్నడూ లేదు. న్యూయార్క్ రైలు పెట్టెల మీద స్ప్రే రాతలు మొదలైన కాలానికే ఇక్కడి గోడల మీద జాజు (ఎర్రమట్టి), సున్నం రాతలున్నాయి. కాకతీయ యూనివర్సిటీ, కాకతీయ మెడికల్ కాలేజీ, ఇప్పుడు ఎన్‌ఐటీ అయిన ఆర్‌ఈసీ చుట్టూ విద్యార్థి సంఘాల నినాదాలు రాసిన చేతులు ఒక ప్రత్యేకమైన అక్షరం తయారు చేశాయి: అరచేయంత కుంచె, ఒకే మందం, మూలలు గుండ్రంగా తిరగకుండా మొద్దుగా ఆగడం, రాత్రిపూట తొందరలో రాస్తారు గనుక తలకట్టు ఒకే విసురులో. దీన్ని కళ అని ఎవరూ అనలేదు, బొమ్మల పుస్తకమూ వేయలేదు. వరంగల్ ర్యాపర్ న్యూయార్క్ గ్రాఫిటీ ఫాంటు డౌన్‌లోడ్ చేసి ‘వరంగల్’ అని ఇంగ్లిషులో వేసుకుంటే నాకు చిరాకు వచ్చేది ఇందుకే. గోడ రాత కోసం వాడు సముద్రం దాటాల్సిన పని లేదు.

ఇక ఊరిని చూపించడం. అడిగిన ప్రతివాడూ ముందుగా పెట్టేది కాకతీయ తోరణమే. కోటలో స్వయంభూ శివాలయం ఉన్నచోట నాలుగు దిక్కులా నిలిచిన ఆ రాతి ద్వారాల అందం మీద నాకు పేచీ లేదు. కానీ తోరణం 2014 నుంచి రాష్ట్ర ప్రభుత్వ చిహ్నంలో చార్మినార్‌తో పాటు ఉంది. 2024లో దాన్ని చిహ్నం నుంచి తీసేస్తారన్న మాట రాగానే ఎంత గొడవైందో గుర్తుంది కదా. అదీగాక కోచింగ్ సెంటర్ బోర్డు మీద అదే, టిఫిన్ సెంటర్ మీద అదే, స్వాగత ద్వారం అదే. అందరి అట్టా అయిన బొమ్మ ఒకడి చిరునామా చెప్పలేదు.

పెట్టకూడదని కాదు. ర్యాపర్ కెండ్రిక్ లామార్ 2015 నాటి ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’ అట్ట మీద ఉన్నది అమెరికా అధ్యక్షుడి వైట్ హౌస్. అంతకంటే అరిగిపోయిన భవనం అమెరికాలో ఉందా? ఫొటోగ్రాఫర్ డెనిస్ రూవ్ర్ తీసిన ఆ నలుపు తెలుపు బొమ్మలో భవనం వెనక్కి పోయింది. దాని ముందు గడ్డి మీద చొక్కాల్లేని నల్లజాతి కుర్రాళ్లు, చేతుల్లో నోట్ల కట్టలు, సీసాలు. వాళ్ల కాళ్ల దగ్గర కళ్ల స్థానంలో ఇంటూ గుర్తులు పడ్డ జడ్జి పడి ఉన్నాడు. అక్కడ చూడాల్సింది భవనం కాదు, దాని ముందు నిలబడే హక్కు ఎవరికుంది అన్నది. తోరణం పెట్టాలంటే కింద ఎవరిని నిలబెడతావో తేల్చుకుని పెట్టాలి. టికెట్ కొని సెల్ఫీ దిగినట్టు ఒక్కడివే నిలబడితే అది టూరిజం శాఖ క్యాలెండర్ అవుతుంది. అసలు నన్నడిగితే 1934లో మొదలై మూతపడి, స్థలం ప్లాట్లైపోయిన ఆజంజాహీ బట్టల మిల్లు దగ్గర చెప్పడానికి ఎక్కువ కథ ఉంది. కాకపోతే చూపించడానికి దాదాపు ఏమీ మిగల్లేదు. లేనిదాన్ని బొమ్మలో ఎలా చూపాలన్నది మంచి డిజైనర్‌కు ఇవ్వాల్సిన పని.

అమెరికా ర్యాప్ అట్టల మీద మూలన కనిపించే నలుపు తెలుపు ‘పేరెంటల్ అడ్వైజరీ’ ముద్ర, అంటే లోపల బూతులున్నాయని తల్లిదండ్రులకు హెచ్చరిక, దాని కథ చిన్నది. 1985లో అప్పటి సెనేటర్ ఆల్ గోర్ భార్య టిప్పర్ గోర్ వంటివారి ఒత్తిడి మీద రికార్డు కంపెనీలు హెచ్చరికకు ఒప్పుకున్నాయి, 1990కల్లా ఒకే రకం ముద్ర ఖాయమైంది. పిల్లలను ఆపాల్సిన ముద్ర పిల్లలను పిలిచే ముద్రైంది. మన కుర్రాళ్లు అలంకారానికి దించుకుంటున్నారు. లోపల చూస్తే బూతు కాదు కదా, అమ్మమ్మ తిట్టినంత తిట్టు కూడా ఉండదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ పొదుపుగా ఉన్న అట్టలు. దానికి పూర్తిగా ఎదురు దారి హ్యూస్టన్ నగరంలో 1992లో పుట్టిన పెన్ అండ్ పిక్సెల్. బ్రౌక్ అన్నదమ్ములు నడిపిన ఈ డిజైన్ కంపెనీ నో లిమిట్, క్యాష్ మనీ లాంటి అమెరికా దక్షిణాది రికార్డు కంపెనీలకు వందల అట్టలు చేసింది. అక్షరాలకు వజ్రాలు పొదగడం, ఒకే బొమ్మలో కారు, భవంతి, మెరుపులు, మంటలు కలిపి కత్తిరించి అతికించడం వారి పద్ధతి. న్యూయార్క్ వాళ్లు నవ్వారు. తర్వాత అవే అట్టలు మోజుపడి దాచుకునే వస్తువులయ్యాయి.

ఇది చదువుతుంటే మీకు హన్మకొండ చౌరస్తా గుర్తు రాకపోతే ఆశ్చర్యమే. పుట్టినరోజు ఫ్లెక్స్ అచ్చంగా పెన్ అండ్ పిక్సెలే: బంగారు రంగు ఉబ్బెత్తు అక్షరాలు, వెనక సింహం, పక్కన స్కార్పియో, చుట్టూ నిప్పురవ్వలు. రెండింటి పుట్టుకకూ కారణం ఒకటే అనుకుంటాను. చేతికి ఫొటోషాప్ వచ్చింది, ఎప్పుడూ పత్రికల్లో బొమ్మ పడని మనిషి చేతిలో కొంచెం డబ్బు ఆడింది, ఆ డబ్బు కనబడాలి. దీన్ని ఎగతాళి చేసే డిజైన్ కాలేజీ వాళ్లతో నాకు కుదరదు. ఫ్లెక్స్‌లో ఒక గట్టి వ్యాకరణం ఉంది. పైన వరుసగా పెద్ద నాయకుల తలలు, మధ్యలో నిలువెత్తున వాడు, కింద గుండ్రటి చట్రాల్లో ‘శుభాకాంక్షలతో’ చిన్న తలలు. ఎవరి తల ఎంత సైజు అన్న దాని మీద స్నేహాలు చెడ్డ సందర్భాలున్నాయి. ఆల్బమ్ వెనక అట్ట మీద బీట్ చేసినవాడు, మిక్స్ చేసినవాడు, కోరస్ పాడినవాళ్లు అలాగే గుండ్రాల్లో, పని బరువును బట్టి సైజుల్లో కూర్చుంటే ఊరి జనానికి ఒక్క చూపులో అర్థమవుతుంది.

ఫ్లెక్స్ కంటే ముందు ఈ నేల మీద గొంతుకు బొమ్మను జతచేసినది చేర్యాల నకాషీ పటం. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, 2016 దాకా వరంగల్ జిల్లానే. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతమీద పూత పట్టించి, ఆరాక ఎర్రటి నేల మీద బొమ్మలు దింపుతారు. మూడడుగుల వెడల్పు, పొడవు 40 అడుగులు దాటినవీ ఉన్నాయి. ఆ పటం గోడకు తగిలించుకోవడానికి చేసింది కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, గౌడులకు చెప్పే గౌడజెట్టివారు ఊరూరా మోసుకుపోయి, కథ నడిచేకొద్దీ ఒక్కో గడి విప్పుతూ చూపేది. ఎవరి కథ, ఎవరు చెబుతున్నారు, చెప్పే హక్కు ఎక్కడిది అన్న మూడు ప్రశ్నలకూ పటమే సాక్ష్యం. ర్యాప్ అట్ట నుంచి మనం అడుగుతున్నది అదే కదా.

దాని కూర్పు చూడండి. పూలతీగ అంచుతో గడులు విడగొడతారు. నేల రంగు మారదు, కాబట్టి గడి మారినా కథ తెగదు. ముఖ్యుడు పెద్దగా, మిగతావారు చిన్నగా. క్యాసెట్ ఇన్‌లే కార్డును మడతలు మడతలుగా పొడుగ్గా చేస్తే వచ్చేది ఇంచుమించు ఇదే: ఒక్కో మడత ఒక్కో పాట. ఎర్ర నేల మీద కాజీపేట జంక్షన్ ప్లాట్‌ఫాం, హాస్టల్ మెస్సు క్యూ, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు వరుసగా వస్తే ఆల్బమ్ మొత్తం ఒక పటం. ఇక్కడొక మెలిక ఉంది. చేర్యాల బొమ్మల కోరమీసాలు, పెద్ద కళ్లు తీసుకొచ్చి కంప్యూటర్‌లో అతికిస్తే ‘జానపద శైలి’ చీర డిజైన్ తయారవుతుంది తప్ప ఇంకేమీ కాదు. మీసాలు వదిలి, ఆ వరుసను తీసుకోవాలి. బొమ్మలే కావాలంటే గీసే కుటుంబాలు చేర్యాలలో ఇంకా ఉన్నాయి, డబ్బిచ్చి గీయించుకోవచ్చు.

అచ్చు దగ్గరికి వద్దాం. సీడీ ప్లేయర్ ఉన్న ఇల్లు వరంగల్‌లో వెతకాల్సిందే. ఇక్కడ ఆటోలో, ట్రాక్టర్‌లో, పెండ్లి డీజేలో పాట పెన్‌డ్రైవ్ మీద తిరుగుతుంది. కాబట్టి చేతికిచ్చే ఆల్బమ్ అంటే ఒక పెన్‌డ్రైవ్, దాన్ని పట్టే మడత కార్డు. వంద కాపీలకు ఆఫ్‌సెట్ దండగ. నాలుగు రంగుల ప్లేట్ల ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే. పెండ్లిపత్రికల ప్రెస్సుకు వెళ్లడం తెలివి. కార్డులు చాలావరకు శివకాశి నుంచో హైదరాబాద్ నుంచో ఖాళీగా వస్తాయి, ఇక్కడ మ్యాటర్ స్క్రీన్ ప్రింట్ చేస్తారు. ఆఫ్‌సెట్‌లో మామూలుగా దొరకనిది స్క్రీన్‌లో దొరుకుతుంది: ముదురు కాగితం మీద తెల్ల ఇంకు. జాజు రంగు మందపాటి కార్డు తెప్పించి, చేత్తో రాయించిన పేరు తెల్ల ఇంకుతో ఒక్క స్క్రీన్ కొట్టిస్తే గోడ రాత అట్ట మీదికి దిగుతుంది. ఖర్చు ఒక రంగుదే. పైగా రంగు కాగితంలోనే ఉంది కాబట్టి మడత దగ్గర పగలదు. తెల్ల కార్డు మీద మొత్తం నలుపు అచ్చేసి మడిస్తే నాలుగు రోజుల్లో మడత వెంబడి తెల్ల గీత తేలుతుంది. లామినేషన్ చేయించినా కొంతే ఆగుతుంది. నలుపే కావాలన్నవాడు పుట్టుకతో నల్లగా ఉన్న కార్డు కొనాలి.

కంప్యూటర్ తెర మీద మెరిసే పచ్చ, గులాబీ రంగులు నాలుగు రంగుల అచ్చులో మసకబారతాయని డిజైనర్లకు తెలుసు, ర్యాపర్లకు ప్రెస్సులో తెలుస్తుంది. జాజుకు ఆ బాధ లేదు. అది అసలే మట్టి రంగు.

ఫోన్‌లో బతికే అట్ట లెక్క వేరు. పాటలను స్పాటిఫై, ఆపిల్ మ్యూజిక్‌లకు ఎక్కించే కంపెనీలు సాధారణంగా 3000 బై 3000 పిక్సెళ్ల చదరం అడుగుతాయి. ఫోన్ నంబరు, వెబ్‌సైట్, క్యూఆర్ కోడ్ ఉంటే వెనక్కి కొడతాయి. ఫోన్ నంబరు లేనిది ఫ్లెక్సే కాదనుకునే ఊళ్లో ఇది మింగుడు పడదు. యూట్యూబ్ థంబ్‌నెయిల్ అడ్డ చట్రం, వెడల్పు 16 పాళ్లైతే ఎత్తు 9. కింద కుడి మూలన నిడివి అంకెలు కూర్చుంటాయి గనుక అక్కడ పేరు పెడితే తోక తెగుతుంది. చదరపు అట్టను లాగి అడ్డంగా చేస్తే ముఖం సొరకాయ అవుతుంది. మొదటి రోజే రెండు చట్రాలకూ వేరువేరుగా కూర్చుకోవాలి, పేరు రాత మాత్రం రెండింటిలోనూ ఒకటే ఉండాలి.

లోపలి మడతల్లో పాటల సాహిత్యం వేయించేటప్పుడు ఎక్కువమంది తడబడతారు. ర్యాప్ వేగానికి మాట అందదు, కాబట్టి అచ్చు అవసరం. ‘గిట్లనే’, ‘జెప్తున్న’, ‘యాడికి’ అని పాడినవాడు అచ్చులోకి వచ్చేసరికి ‘ఇలాగే’, ‘చెబుతున్నాను’, ‘ఎక్కడికి’ అయిపోతాడు. కొన్నిసార్లు వాడు మార్చడు, డీటీపీ ఆపరేటర్ ‘తప్పులు’ దిద్దిపెడతాడు. బడి పలుకుల కంటే జనం పలుకుబడులకే ఓటు వేసిన కవి కాళోజీ బతికిన హన్మకొండలో ఇలా జరగడం విడ్డూరమే. ప్రూఫు చేతికి రాగానే ముందు బొమ్మ చూడకండి, పెన్ను తీసుకుని ఆ దిద్దుబాట్లన్నీ మళ్లీ వెనక్కి దిద్దండి. తర్వాత వెనక అట్ట తిప్పి పేర్ల స్పెల్లింగులు చూడండి, ముఖ్యంగా కోరస్ పాడిన పిల్లలవి. ఆపరేటర్ పేరు కూడా వేయండి. తన పేరు ఉన్న కార్డులో ఆయన అచ్చుతప్పు వదలడు.